ఇటు తిరిగి చెప్పుండ్రి

స్వర్ణలత ఆ బడి మెట్లెక్కడం ఈ నెలలో ఇది ఐదోసారి. మొదటిసారి వచ్చినప్పుడు అటెండరు కుర్చీ తెచ్చి వేశాడు. రెండోసారి బెంచీ చూపించాడు. ఐదోసారికి ఆమె నీడ గేటు దగ్గర కనబడగానే గోడవైపు తిరిగి ఫోను చూసుకున్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. అనుకునే ఓపిక అయిపోయి చాలా రోజులైంది. వరండాలో బెంచీ మీద కూర్చుని, చీరకు అంటుకున్న నూలుపోగులు ఒక్కొక్కటే తీసి పారేస్తూ హెడ్మాస్టరు పిలుపు కోసం చూసింది.

ఆమె అడగడానికి వచ్చినవి మూడే మూడు. కూతురు ప్రవీణను మొదటి బెంచీలో కూర్చోబెట్టాలి. సార్లు పాఠం చెప్పేటప్పుడు పిల్లకు మొహం కనబడేలా ఇటు తిరిగి చెప్పాలి. పదో తరగతి పరీక్షకు పంపే పేర్లలో ప్రవీణ పేరు, చెవుల సర్టిఫికెట్‌తో సహా, గడువులోపల పోవాలి. అలా పోతే పరీక్షలో ఎక్కువ సమయం ఇస్తారు, ఇంకా కొన్ని వెసులుబాట్లు ఉంటాయి. ఇవన్నీ ఆమెకు చెప్పింది కల్పన మేడం. ప్రవీణలాంటి పిల్లలను చూసుకోవడానికి సర్కారు పెట్టిన టీచరు ఆమె. అన్ని బడులకూ ఆమె ఒక్కతే. వారానికోసారి స్కూటీ మీద వచ్చి, ఇక్కడో గంట అక్కడో గంట కూర్చుని, చెమట తుడుచుకుంటూ పోతుంది. "నేను చెప్తే కాగితం కదుల్తలేదక్కా. తల్లి పోతే కదుల్తది" అంది. తల్లి పోయింది. కాగితం మాత్రం ఉన్నచోటే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

నిజం చెప్పాలంటే మొదటి బెంచీ ఒకసారి ఇచ్చారు. నాలుగు రోజులు కూర్చుంది ప్రవీణ. పిల్ల పొడుగు. వెనకవాళ్ళకు బోర్డు కనబడటం లేదని ఐదోరోజు మళ్ళీ వెనక్కి పంపారు. రెండో కోరిక సంగతి లెక్కల జగదీశ్ సారు మొహమాటం లేకుండా తేల్చేశాడు. "బోర్డు మీద రాసుకుంట చెప్పుడు ఇరువై ఏండ్ల అలవాటమ్మా. ఒక్క పిల్ల కోసం నన్ను ఎన్కకు నడువుమంటే ఎట్ల?" అన్నాడు. యాభై ఇద్దరు పిల్లలున్న తరగతి, పాపం ఆయన బాధ ఆయనది. కానీ చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినలేనివాడైతే మరీ లోకువ.

ప్రవీణకు వినబడదని ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఈ మాట జగిత్యాలలో చెవుల డాక్టరుకు చెబితే ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఇంట్లో ఎవరూ పిల్లను పిలవరా?" అన్నాడు. వేరే ఊరివాళ్ళెవరూ నమ్మరు. సిరిసిల్లవాళ్ళు మాత్రం నమ్ముతారు. అక్కడ ప్రవీణవాళ్ళ ఇల్లంటే ఒక ఆసామి షెడ్డు వెనకాల రెండు గదులు. షెడ్డులో ఆ ఆసామివే పదహారు సాంచాలు. బయటివాళ్ళు మరమగ్గాలంటారు, అక్కడ మాత్రం సాంచాలే. ప్రవీణ తండ్రి సంపత్ వాటిమీద బట్ట నేస్తాడు. స్వర్ణలత పక్కనే నూలు కండెలు చుడుతుంది. సాంచాలు తిరుగుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా గాలికి పోయినట్టే. అందుకే అక్కడ ఎవరూ అరవరు. నోరు మెల్లగా, పెద్దగా కదిపి, గొంతు లేకుండా మాట్లాడతారు. పోగు తెగిందంటే రెండు వేళ్ళు విడదీస్తారు. కండెలు అయిపోయాయంటే వేలు గిర్రున తిప్పుతారు. ఆసామి వస్తున్నాడంటే లేని మీసం దువ్వుతారు. కోరుట్లలో బీడీలు చుట్టే ఇంట్లో పుట్టిన స్వర్ణలత, పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఈ మూగబొమ్మలాట చూసి నవ్వుకుంది. ఆర్నెల్లు తిరిగేసరికి తనూ అంతే అయింది.

ఆ ఇంట్లో పుట్టిన పిల్ల మనుషుల నోళ్ళు చూసి మాట్లాడటం నేర్చుకుంటే, సాంచాల కాడి పిల్ల, ఇంకెట్లా నేర్చుకుంటుంది అనుకున్నారు. పైగా మురిసిపోయారు. మూడేళ్ళకే వేలు తిప్పి చూపిస్తే కండె తెచ్చి చేతికి ఇచ్చేది. మూడో తరగతిలో కొత్తగా వచ్చిన ఒక పంతులమ్మ పట్టుకుంది సంగతి. డిక్టేషన్ చెప్పేటప్పుడు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంటే పిల్ల పలక ఖాళీ. పుస్తకం దించితే పలక నిండా ముత్యాలు. ఆ పంతులమ్మ బదిలీ అయిపోయింది. తర్వాత ఒక క్యాంపులో చెవి మిషను ఇచ్చారు. దానికి మంచి మాటా చెడ్డ మోతా ఒక్కటే, రెంటినీ కలిపి పెద్దవి చేసి లోపలికి తోస్తుంది. యాభై ఇద్దరు పిల్లల మధ్య అది సంత. ఇంట్లో అయితే తీసి పక్కన పెడుతుంది.

పిలుపు వచ్చింది. హెడ్మాస్టరు జలపతి సారు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడవచ్చు. కూర్చోమన్నాడు, నీళ్ళు తాగుతావా అని అడిగాడు. బల్ల మీద ఫైళ్ళు, నెత్తిమీద ఫ్యాను. ఆ ఫ్యానుకు ఏ జబ్బు చేసిందోగాని, తిరిగినంతసేపూ టకటకమని కొట్టుకుంటూనే ఉంది. పక్క కుర్చీలో జగదీశ్ సారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు.

"చూడమ్మా" అని మొదలుపెట్టి, హెడ్మాస్టరు తల దించుకుని ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. ఆ తర్వాత ఆయన మాట్లాడిందంతా ఆ కాగితంతోనే. మీసం కదలడం కనబడుతోంది, మాట కనబడటం లేదు. మధ్యలో 'ప్రవీణ' అనీ, 'పరీక్ష' అనీ, 'సులువు' అనీ మూడు మాటలు తేలాయి. స్వర్ణలత "ఆఁ సారూ" అంది. ఇంకేదో చెప్పాడు. "ఆఁ సారూ, ఆఁ" అని తల ఊపింది. సాంచాల కాడ పనిచేసేవాళ్ళకు ఇది పుట్టుబుద్ధి కాదు, పట్టుబుద్ధి. అందనిదానికల్లా ఏంది ఏంది అని అడుగుతూ కూర్చుంటే అవతల పోగు తెగుతుంది. ఆఁ అనేస్తే, తప్పయితే మహా అంటే ఒక రంగు కండెకు ఇంకో రంగు కండె వస్తుంది.

కాగితం ఆమె ముందుకు జరిగింది. ఇంగ్లీషులో ఉంది. ఏడో తరగతి దాకా చదివిన స్వర్ణలత తెలుగయితే కూడబలుక్కుని చదివేది. పైన కూతురి పేరు కనబడింది. కింద చుక్కలు పెట్టిన చోట సంతకం చేసింది. హెడ్మాస్టరు చిరునవ్వు నవ్వాడు. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. నెల రోజుల తిరుగుడు ఇంత తేలిగ్గా తీరిపోయిందేమిటా అని మెట్లు దిగేటప్పుడు కొంచెం అనుమానం వచ్చింది గాని, అలసిన మనిషికి అనుమానపడటం కూడా ఒక పనే.

ఆ రోజు ఇంట్లో పరమాన్నం వండింది. "పేరు పోయింది బిడ్డా. ఇగ సదువుకో" అని చెప్పింది. ప్రవీణ రెండుసార్లు వడ్డించుకుంది. సంపత్ షిఫ్టుకు పోతూ, "గంత పెద్దసారు ఒప్పుకున్నడా? నయమే" అన్నాడు.

పది రోజులు గడిచాయి. పదకొండోరోజు మధ్యాహ్నం స్వర్ణలత కండెలు చుడుతుంటే షెడ్డు గుమ్మంలో ప్రవీణ నిలబడింది. బడి ఇంకా వదలలేదు. భుజానికి సంచీ ఉంది, చెవికి మిషను లేదు. పదహారు సాంచాలకు అవతల నిలబడి, గొంతు లేకుండా, పెదవులు కదిపింది. "లిస్టు పెట్టిన్రు. యాభై ఒక్కరు ఉన్నరు. నా పేరు లేదు."

ఆ మోతలో, అంత దూరం నుంచి, ఒక్క అక్షరం కూడా పోకుండా అంతా తల్లికి చేరింది. చేతిలో దారం వేలికి కోసుకున్నా తెలియలేదు. ఏడుపు రాలేదు, కోపం కూడా వెంటనే రాలేదు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కాలా అనిపించింది, అంతే. చీర దులుపుకుని లేచింది.

హెడ్మాస్టరు గదిలో అంతా పోయినసారి ఉన్నట్టే ఉంది. ఫ్యాను టకటకలాడుతోంది, జగదీశ్ సారు పేపర్లు దిద్దుతున్నాడు. ఈసారి ప్రవీణ కూడా తల్లి పక్కన నిలబడింది. స్వర్ణలత కూర్చోమనకముందే గొంతెత్తింది.

"సారూ, నా బిడ్డ పేరెందుకు తీసేసిన్రు? నేనొచ్చి సంతకం పెట్టిపోతిని గద?"

జలపతి సారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఫైలు తీసి కాగితం చూపించాడు. "గీ సంతకం నీదే గదమ్మా?" అని తలెత్తి గట్టిగా అడిగాడు.

"నాదే."

"మరి గిండ్ల ఏమున్నది? పిల్లను రెగ్యులర్ పరీక్షకు పంపను, ఓపెన్ స్కూల్ల రాయిస్త, నా ఇష్టంతోనే చేస్తున్న అని ఉన్నది. నేను తెలుగుల మొత్తం ఇప్పి చెప్పిన. ఇక్కడ ఫెయిలైతే పిల్ల మనసు ఖరాబైతది, ఓపెన్ల అయితే ఇంటికాడ కూసొని నిమ్మళంగ రాసుకుంటదని చెప్పిన. ప్రతి మాటకు ఆఁ అన్నవు. జగదీశ్ సారే సాక్షి."

మోసం చేశారు అనే మాట స్వర్ణలత నాలుక చివరిదాకా వచ్చింది. అనగలిగితే ఎంత బాగుండేది! కానీ ఆయన మొహం చూస్తే మోసం చేసినవాడి మొహం కాదు. ఆయన చెప్పాడు. తను ఆఁ అంది. బడికి నూటికి నూరు శాతం ఫలితాలు కావాలన్న ఆశ ఆయనకు ఉందన్నది వేరే సంగతి. అది లేదని ఆయన కూడా ఒట్టు వేయడు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడి, "నేను గట్ల అనలే సారూ, అనలే" అని మాత్రం అనగలిగింది.

జగదీశ్ సారు పెన్ను మూత పెట్టాడు. నెలరోజుల నుంచి ఈ తల్లీకూతుళ్ళ గొడవతో ఆయన కూడా విసిగిపోయి ఉన్నాడు. కుర్చీ ఇటు తిప్పుకుని, మామూలు గొంతుతోనే, "ఎంత చెప్పినా గింతే సార్. చెవిటోని ముంగట శంఖం ఊదినట్టు" అన్నాడు. పాఠాలన్నీ బోర్డుకే చెప్పే మనిషి, ఆ ఒక్క మాట మాత్రం ఇటు తిరిగి అన్నాడు.

బల్ల మీది తన సంతకంవంకే చూస్తున్న స్వర్ణలతకు ఫ్యాను చప్పుడులో ఆ మాట అందలేదు, తలెత్తేసరికి ఆయన నోరు మూతపడింది. ఆయన తనకేదో సర్దిచెప్పాడనుకుంది. సార్లతో పని పడినప్పుడు ఎలా ఉండాలో అలాగే, కొంచెం నవ్వు తెచ్చుకుని, "ఆఁ సారూ, ఆఁ" అని తల ఊపింది.

జగదీశ్ సారు తను ఏమన్నాడో అప్పుడు తెలుసుకుని నాలుక కరుచుకున్నాడు. ప్రవీణ ఆయన నోటివంక చూసింది, తర్వాత తల్లి మొహంలోని నవ్వు చూసింది. ముందుకు జరిగి తల్లి రెండు భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"అమ్మా, ఆఁ అనకు" అంది పైకే, ఎత్తుపల్లాలు సరిగా లేని తన గొంతుతో. "సారు నిన్ను తిట్టిండు. నీకు ఇనవడలే. నీకు గూడ ఇనవడ్తలేదు గదనే?"

స్వర్ణలత నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. తీసేయాలని తెలుసు, ఎలా తీయాలో తెలియలేదు. సాంచాల గల్లీలో చెవుల గురించి ఎవరూ మాట్లాడరు. వయసు మీదపడితే మోకాళ్ళు పోతాయి, సాంచాల మీద పడితే చెవులు పోతాయి, అందులో చెప్పుకోవడానికేముంది అనుకుంటారు. కానీ ఇన్నాళ్ళూ ఈ గదిలో నిలబడి నా బిడ్డకు వినబడదు, నా బిడ్డకు వినబడదు అని అడిగిన నోటితో, నాకూ వినబడదని చెప్పుకోవాలంటే సిగ్గుతో తల కొట్టేసినంత పనైంది. చెప్పకపోతే కాగితం మీద సంతకం అలాగే ఉంటుంది. గడువు రేపటితో సరి.

"ఇనవడలే సారూ" అంది. "ఇప్పుడూ ఇనవడలే, ఆ దినమూ ఇనవడలే. మీరు తల వంచుకొని చెప్పిన్రు. నేను ఉత్తగనే ఆఁ అన్న. తప్పు నాదే. గని నా తప్పుకు దాని పేరు తీయకుండ్రి. జర ఇటు తిరిగి చెప్పుండ్రి."

జలపతి సారు లేచి స్వయంగా పోయి ఫ్యాను ఆపాడు. వచ్చి కూర్చుని కొత్త ఫారం తీశాడు. అలవాటుగా తల దించుకున్నాడు, మళ్ళీ గుర్తొచ్చి ఎత్తాడు. ఒక వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం, ఆగడం. ఆయన చెప్పింది ప్రవీణ ఆయన పెదవుల మీద అందుకుని, తల్లికేసి తిరిగి, గొంతు లేకుండా మెల్లగా చెప్పింది. అర్థమైనదానికే స్వర్ణలత ఆఁ అంది. అర్థం కానిదగ్గర ఏంది అని అడిగింది. రెండు పేజీల ఫారానికి ముప్పావుగంట పట్టింది. మధ్యలో ఒకసారి "ఒకవేళ ఫెయిలైతే, బడి ఒత్తిడి చేసిందని రేపు మమ్మల్ని అనొద్దు" అన్నాడాయన. ప్రవీణ ఆ మాట కూడా ఏమీ తగ్గించకుండా చెప్పింది. "అనం" అంది స్వర్ణలత.

జగదీశ్ సారు ముప్పావుగంటా పేపర్లు దిద్దలేదు. వాళ్ళు లేచేటప్పుడు, "అనకూడని మాట అన్ననమ్మా" అన్నాడు, ఎటో చూస్తూ. ప్రవీణ వెంటనే, "సార్, మొఖం చూపెట్టి అన్నరు గద, మంచిగ సమజైంది. లెక్కలు గూడ గట్లనే చెప్పుండ్రి" అంది. ఎత్తిపొడుపు కాదు, పిల్ల నిజంగానే అడిగింది. ఆయన తల ఊపాడు. చెబుతాడో లేదో తెలియదు. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోదు. ఒక వారం చెప్పి మళ్ళీ బోర్డుకే తిరిగిపోతే మళ్ళీ రావాలి. స్వర్ణలత అదంతా మెట్లు దిగుతూనే లెక్క వేసుకుంది, గేటు దాటేసరికి కాళ్ళు పీకడం మొదలైంది.

పేరు మాత్రం లిస్టులోకి ఎక్కింది. యాభై రెండో పేరు. చెవుల సర్టిఫికెట్ నకలు జతచేసి హెడ్మాస్టరు వాళ్ళ ఎదుటే కంప్యూటరులో పంపించాడు. అంతవరకు కదలకుండా నిలబడి చూసింది ప్రవీణ.

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. కొంతదూరం నడిచాక ప్రవీణ తల్లికి అడ్డంగా వచ్చి ఆగింది. "అమ్మా, నీకు ఎప్పటిసంది ఇనవడ్తలేదే?"

స్వర్ణలతకు ఏ రోజని చెప్పాలో తెలియలేదు. ఒక్కసారిగా పోయినవి కావు కదా. వెనక్కి వెనక్కి పోయి వెతుక్కుంటే ప్రవీణ ఉయ్యాలలో ఉన్న రోజులు తగిలాయి. పొద్దంతా చుట్టిన కండెల అలసటకు తను పడుకుని ఉండేది. అత్త లచ్చవ్వ వచ్చి వీపు మీద చరిచి లేపేది. "పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే గంత మొద్దునిద్రేందే నీకు? తల్లివేనా?" అని తిట్టేది. నిజమే కాబోలు, ఇంత నిద్ర ఏమిటి నాకు అని తనను తను తిట్టుకునేది స్వర్ణలత. పదిహేనేళ్ళ తర్వాత, లారీల రోడ్డు పక్కన నిలబడితే తెలిసింది అది నిద్ర కాదని.

"నువ్వు పుట్టినప్పటికే పోయినట్టున్నయి బిడ్డా" అంది.

ప్రవీణ ఆ మాట నమ్మలేనట్టు తల్లి పెదవులవంకే చూస్తూ ఉండిపోయింది. "మరి గిన్నేండ్లు నా కోసం గన్ని ఆఫీసులు తిరిగినవు, గంతమంది సార్లతోని మాట్లాడినవు. వాళ్ళు చెప్పింది ఎట్ల ఇన్నవే?"

"ఇన్లే బిడ్డా" అంది స్వర్ణలత. "అడిగిన. గంతే."